రెండోసారి పలకని మెటిక

పెళ్లి నుంచో తిరనాళ్ల నుంచో రాగానే మా నాయనమ్మ మమ్మల్ని అరుగు మీద నిలబెట్టేది. ముందు అన్నయ్య. వాడి చెంపలు నిమిరి, వేళ్లు మడిచి తన కణతలకు ఆనించి నొక్కేది. పటపటా ఎనిమిది మెటికలు! "ఎంత దిష్టి తగిలిందిరా నా తండ్రికి!" తర్వాత నేను. ఒకటి విరిగితే గొప్ప. "నీకేం లేదులేవే" అనేది. నన్నెవరూ చూడనే లేదన్నమాట అని ఏడుపొచ్చేది.

జీవశాస్త్రం టీచరునై కీళ్ల పాఠం చెప్పాల్సి వచ్చినప్పుడుగానీ గుట్టు తెలియలేదు.

మెటికలో విరిగేది ఎముక కాదు. వేలి మొదట్లో రెండు ఎముకలు కలిసేచోట వాటి కొసలకు నున్నటి మృదులాస్థి పూత ఉంటుంది. చుట్టూ ఓ సంచి. దాని లోపలి పొర నుంచి ఊరే ద్రవం కోడిగుడ్డు తెల్లసొనలా జిగటగా ఉండి, ఎముకలు రాసుకోకుండా కాస్తుంది. అందులో వాయువులు కరిగి ఉంటాయి. కీలును లాగినా, బాగా వంచినా లోపల ఒత్తిడి పడిపోయి, గోలీసోడా కొట్టినట్టు వాయువు బుడగ కడుతుంది. చప్పుడు ఆ బుడగదే. అది పుట్టేటప్పుడా, కుంగేటప్పుడా అన్న తగువు శాస్త్రవేత్తల్లో ఉంది. 2015లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్లు ఎంఆర్ఐలో చేయి పెట్టించి వేళ్లు లాగి చూసి, పుట్టేటప్పుడే అన్నారు. అదే కీలు మళ్లీ పలకాలంటే సుమారు 20 నిమిషాలు ఆగాలి. అన్నయ్య అయిన రెండు నిమిషాలకే నా వంతు. ఇక నాకేం విరుగుతాయి?

ఈ సంగీతం ద్రవమున్న కీళ్లకే. పుర్రె ఎముకలు రంపపు పళ్లలా ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని ఉంటాయి, కదలవు. క్లాసులో పిల్లలతో వేళ్లు ఊపించేదాన్ని. మొదటి కణుపు పక్కలకూ ఊగుతుంది. మధ్య కణుపు ఊగదు, తలుపు బందులా మడుచుకోవడమే. మోచేయీ అంతే. భుజానిది బంతిగిన్నె కీలు. గిన్నె లోతు తక్కువ కాబట్టే చేయి అన్ని వైపులా తిరుగుతుంది, కాబట్టే తేలిగ్గా తప్పుతుంది కూడా. తుంటి గిన్నె లోతు, అది అంత సులువుగా జారదు.

మెటికలు విరిస్తే కీళ్లవాతం వస్తుందని తల్లి బెదిరిస్తే, డొనాల్డ్ అంగర్ అనే అమెరికా డాక్టరు ఎడమచేతి వేళ్లే 60 ఏళ్లకు పైగా రోజూ విరిచి చూశాడు. ఏ చేతికీ రాలేదు. 2009లో ఆయనకు, నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి ఇచ్చారు. ఒక్క మనిషి సాక్ష్యమే అనుకోండి, ఆ ఓపిక్కైనా ఇవ్వాల్సిందే.

ఇప్పుడు మా ఇంట్లో దిష్టి తీసేది నేనే. చిన్న మనవరాలిని ముందు పిలుస్తాను.