ట్యూబులైటుకి ఆ తటపటాయింపు ఎందుకు?

వంటింట్లో ఆ పాత ట్యూబులైటు రెండు మూడు సార్లు కొట్టుకుంటే గానీ వెలగదు, తీసిపారేద్దాం తాతయ్యా అంటున్నావు కదా అమ్మడూ? తీసేద్దాంలే. ఈలోగా దాని సంగతి కాస్త విను.

ట్యూబు బిగించిన పట్టీలో బరువుగా ఉండేది చోకు. ఇనపరేకుల మీద చుట్టిన రాగితీగ, అంతే. కరెంటు పారుతున్నంతసేపూ దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటుంది. కరెంటు ఉన్నట్టుండి తెగితే ఆ క్షేత్రం కూలిపోతూ, కరెంటును ఎలాగైనా సాగనివ్వాలని వోల్టేజీ పుట్టిస్తుంది. ఎంత చప్పున తెంపితే అంత ఎక్కువ! అమెరికాలో జోసెఫ్ హెన్రీ 1832లో దీని గురించి రాశాడు. పొడవాటి తీగలో కరెంటు తెంపినప్పుడల్లా పెద్ద నిప్పురవ్వ ఎగరడం చూశాడాయన.

ఇక ఆ చిన్న డబ్బా, స్టార్టరు. స్విచ్చి వెయ్యగానే అందులోని వాయువు వెలిగి, రెండు లోహాల పట్టీ వేడెక్కి, వంగి, ఎదుటి కడ్డీని తాకుతుంది. దాంతో కరెంటు ట్యూబు కొసల్లోని ఫిలమెంట్లను వేడిచేస్తుంది. ఈలోగా స్టార్టరులో వెలుగు ఆరిపోయింది కాబట్టి పట్టీ చల్లారి టక్కున విడిపోతుంది. కరెంటు తెగింది! చోకు కొన్ని వందల వోల్టులు విసురుతుంది, ట్యూబు వెలుగుతుంది. కానీ మనది ఏసీ కరెంటు, సెకనుకు వందసార్లు సున్నాకి వస్తుంది. సరిగ్గా ఆ సున్నా దగ్గర పట్టీ విడిపోతే విసురు చాలదు, మళ్లీ మొదటికే. టపటపలన్నీ అందుకే. ఒకసారి వెలిగాక స్టార్టరు ఊడదీసినా ట్యూబు ఆరదు. నువ్వు మాత్రం తియ్యకు, నేను తీసి చూపిస్తా.

చోకుది ఒక మొండితనమైతే, కరెంటును నింపి దాచుకునే కెపాసిటరుది ఇంకో మొండితనం. చోకు కరెంటును గబుక్కున మారనివ్వదు, ఇది వోల్టేజీని మారనివ్వదు. అడాప్టరు పీకేశాక కూడా దాని చిన్న దీపం కాసేపు వెలిగేది కెపాసిటరు చలవే. 1000 మైక్రోఫారడ్ల కెపాసిటరును 12 వోల్టులకు నింపి, 10 కిలోఓముల రెసిస్టరు గుండా వదిలావనుకో. 10 సెకన్లకు 4.4 వోల్టులకు దిగుతుంది, ఇంకో 10కి 1.6. అడుగున కుళాయి ఉన్న డ్రమ్ములో నీళ్లలాగే, మట్టం తగ్గేకొద్దీ ధార సన్నబడుతుంది.

పాత టీవీ విప్పిన మెకానిక్ ముందుగా పెద్ద కెపాసిటరు కాళ్లకి బల్బు తీగలు ఆనించేది అందుకే. ప్లగ్గు పీకినా, అందులో వందల వోల్టులు మిగిలి ఉండొచ్చు.