వార్తల్లో పదం: డిపెండెన్సీ

వెబ్‌సైట్ తయారుచేసే ప్రోగ్రామర్ ప్రతి లైనూ తానే రాయడు. తేదీలు చూపడానికి ఒకటి, ఫారం సరిచూడటానికి ఇంకొకటి అంటూ ఎవరో రాసి ఉచితంగా పెట్టిన కోడ్ తెచ్చుకుంటాడు. అలా అరువు తెచ్చుకున్న ముక్కే డిపెండెన్సీ. దానికీ సొంత అరువులుంటాయి. పది అడిగితే వెనకాలే వందలు దిగుతాయి.

జావాస్క్రిప్ట్ భాషలో ఈ ముక్కల, అంటే ప్యాకేజీల, గిడ్డంగి ఎన్‌పీఎం. 2016 మార్చిలో అజెర్ కోచులు అనే ప్రోగ్రామర్, తన ప్యాకేజీ ఒకదాని పేరు మీద వచ్చిన వివాదంతో విసిగి, తాను రాసినవన్నీ అక్కడి నుంచి తీసేశాడు. వాటిలో ‘లెఫ్ట్-ప్యాడ్’ ఒకటి. మొత్తం 11 లైన్లు. చేసే పనల్లా అక్షరాలకు ఎడమవైపు ఖాళీలో సున్నాలో చేర్చి కావలసిన పొడవుకు తేవడం. 7ను 007 చేసినట్టు. అది మాయమవగానే బాబెల్ లాంటి పెద్ద సాధనాలు ఇన్‌స్టాల్ కాలేదు. ఎక్కడెక్కడి పనులో ఆగిపోయాయి. ఎన్‌పీఎం దాన్ని కొద్ది గంటల్లోనే తిరిగి పెట్టి, తర్వాత తొలగింపు నిబంధనలు బిగించింది.

2025 సెప్టెంబరులో ముప్పు ఇంకో దారిన వచ్చింది. చాక్, డీబగ్ ప్యాకేజీల నిర్వాహకుడికి ఎన్‌పీఎం పేరుతో దొంగ మెయిల్ పంపి, ఖాతా చేజిక్కించుకుని, క్రిప్టో సొమ్మును దారి మళ్లించే కోడ్ కలిపేశారు. కోట్లసార్లు డౌన్‌లోడయ్యే ప్యాకేజీలవి!

అందుకే లాక్ ఫైలును ప్రాజెక్టుతోపాటే భద్రపరచండి. ఏ ముక్క ఏ వెర్షన్‌లో వచ్చిందో అందులో నమోదై ఉంటుంది. కొత్త వెర్షన్‌ను వచ్చిన రోజే దించుకోకండి. పది లైన్ల పనైతే, దయచేసి సొంతంగా రాసుకోండి.