మురికినీటి మడ్డి: ఎరువా, చెత్తయా?

గతమాసమున నొక రైతుసోదరుడు గోనెసంచిలో నల్లని మడ్డిని దెచ్చి, “అయ్యా, పట్టణపు మురికినీటి శుద్ధికేంద్రమువారు దీనిని ఊరకనే యిచ్చుచున్నారు. ట్రాక్టరుతో తోలించి చేనికి వేయవచ్చునా?” యని మమ్ము నడిగెను. ఊరక వచ్చు ఎరువనిన నెవరికి నాశ గలుగదు? మేము వెంటనే ఔననలేదు, కాదనను లేదు. ఆ జవాబునే సభ్యులందరికొరకు ఇచట వ్రాయుచున్నాము.

మనము పొలమున వేసిన భాస్వరములో కొంత గింజలో జేరి, అన్నమై, తుదకు పట్టణపు మురికికాలువలో బడుచున్నది. ఆ నీరు చెరువులలో గలిసిన యెడల నాచు, గుర్రపుడెక్క బలిసి చేపలు చచ్చును. దీనిని మాన్పుటకై పలుచోట్ల మురికినీటిలో ఫెర్రిక్ క్లోరైడు మొదలగు ఇనుప లవణములను గలుపుదురు. ఇనుము భాస్వరమును బట్టుకొని మడ్డిగా అడుగునకు దిగును. గాలి చొరని తొట్టిలో నా మడ్డి పులిసినపుడు, ఆ రెండును గూడి చాలవరకు వివియనైటు అను ఖనిజమగును. శుద్ధమైన వివియనైటు బరువులో నూటికి 12 పాళ్లు భాస్వరము, 33 పాళ్లు ఇనుము ఉండును. మన దేశమునకు వలయు భాస్వరపు రాతిలో అధికభాగము విదేశములనుండి వచ్చుచుండగా, ఇది విడువదగిన సొమ్ము కాదు.

2020వ సంవత్సర ప్రాంతమున హాలెండులోని బ్రెడా పట్టణపు శుద్ధికేంద్రమున ఈ ఖనిజమును అయస్కాంతముతో మడ్డినుండి వేరుపరచి చూచిరి. పొటాషు క్షారముతో దానిని విడదీసినచో భాస్వరము ద్రవపు టెరువుగా వచ్చును. ఇనుము వేరుగా మిగులును. దక్షిణ స్పెయిను సున్నపు నేలలలో పసుపు బారిన ఆలివు చెట్లకు వివియనైటును నీట గలిపి నేలలోనికి బంపగా, ఆ మేలు కొన్నియేండ్లు నిలిచెనని 2002లో ప్రకటించిరి. ఐతే వారు వాడినది ప్రత్యేకముగా తయారుచేసిన ఖనిజము, మురికిమడ్డి కాదు. సున్నపు నేలలలో మన వేరుసెనగ పాలిపోవుటయు ఇట్టి ఇనుప లోపమువలననే. దానికి మనము లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేదిని, 1 గ్రాము నిమ్మయుప్పును గలిపి చల్లుచున్నాము.

కాని పచ్చిమడ్డి వేరు, వేరుపరచిన ఖనిజము వేరు. ఇనుము భాస్వరమును గట్టిగా బట్టియుంచును. కావున పరీక్షలో గనబడిన భాస్వరమంతయు మెట్టపైరునకు అందదు. నీరు నిలిచిన వరిమడిలో ఆ పట్టు కొంత సడలును. అంతకన్న ముఖ్యమైనది మరియొకటి గలదు. తోళ్లు పదునుచేయు కార్ఖానాల నీరు, లోహపు పూతపనుల నీరు ఆ కాలువలో గలిసినచో క్రోమియము, కాడ్మియము మడ్డిలో జేరును. ఒకసారి నేలలో జేరిన ఈ లోహములు మన మనుమల కాలమునకును పోవు. మనుష్యుల పొట్టపురుగుల గ్రుడ్లును మడ్డిలో నుండవచ్చును.

అందుచే నా సోదరునితో మూడు సంగతులు దెలిసికొని రమ్మంటిమి: ఏ లవణమును వాడిరి? ఏ కార్ఖానాల నీరు గలియుచున్నది? భాస్వరమునకును, విషలోహములకును చేసిన పరీక్షాపత్రము గలదా? అతడు వారము దినములకు మరల వచ్చి, “పత్రము లేదనిరండి” యని చెప్పెను. సంచి మా కార్యాలయపు వసారాలోనే యున్నది.

ఒక్క రైతు అడిగిన రాని పత్రము, సంఘము అడిగిన రావచ్చును. ఇట్టి మడ్డిని గోరు సభ్యులు తమ పేర్లను కార్యదర్శికి దెలిపినచో, అందరి పక్షమున నొక్క నమూనాను పరీక్షకు బంపుదము. ఫలితము మంచిదైన పిమ్మట, మొదట పది సెంట్లలో వేసి, ప్రక్కమడితో సరిపోల్చి చూతము. అంతవరకు దానిని పొలములోనికి రానీయవలదు.