ఏడాది గడువుందిగా!

"ముందు సదస్సులో పోస్టర్ పెట్టేయండి, పేటెంటుకు ఏడాది గడువుంటుంది." చిన్న బయోటెక్ కంపెనీలకు ఈ సలహా ఇచ్చేవాళ్లకు కొదవలేదు. చెప్పేవాడికి పోయేదేమీ లేదు. విన్నవాడికి యూరప్ పోతుంది.

ఈ గడువు అమెరికాది. ఆవిష్కర్త తాను బయటపెట్టినదాని మీద 12 నెలల్లోగా దరఖాస్తు వేస్తే అక్కడ చెల్లుతుంది. ఆ మధ్యలో వేరెవరైనా అదే మందు అణువును సొంతంగా ప్రచురిస్తే అక్కడా తలనొప్పే. జపాన్ కూడా ఏడాది ఇస్తుంది. యూరప్‌లో మాత్రం దరఖాస్తుకు ముందురోజు మీ నోటితో మీరే చెప్పుకున్నా కొత్తదనం పోయినట్టే. అక్కడి ఆరు నెలల మినహాయింపు ఎవరైనా మిమ్మల్ని దగా చేసి బయటపెడితేనో, గుర్తింపు పొందిన అంతర్జాతీయ ప్రదర్శనలో పెడితేనో తప్ప దక్కదు.

కొందరు మేధావులు మన పేటెంట్ చట్టంలోని 31వ సెక్షన్ చూపిస్తారు. చదివి చూపిస్తే బాగుండేది. అందులోని 12 నెలలు ప్రభుత్వం నోటిఫై చేసిన ఎగ్జిబిషన్‌కు, విద్వత్సంఘం ముందు చదివిన పత్రానికి, ఆ సంఘం ప్రచురణకు. ఇన్వెస్టర్లకు వేసిన స్లైడ్లకు, ప్రీప్రింట్‌కు వర్తించవు. థీసిస్‌ల ఆన్‌లైన్ భాండాగారం శోధ్‌గంగలోకి ఎక్కిన పీహెచ్‌డీ థీసిస్‌కూ అంతే. అణువు పుట్టింది యూనివర్సిటీ ల్యాబులో, కంపెనీ పెట్టింది తర్వాత. ఈలోగా నిర్మాణం, తయారీ విధానం, ఎన్ఎంఆర్ డేటా అన్నీ థీసిస్‌లో చేరిపోయి ఉంటాయి. ఫ్యాక్టరీ, బ్రాండూ లేని కంపెనీ చేతిలో అమ్ముకోగలిగింది ఆ అణువు మీది హక్కొక్కటే. లైసెన్సు కొనేవాడి లాయర్లు తప్పకుండా తవ్వేది ఈ తేదీలనే.

సదస్సుకు వెళ్లాల్సిందేనా? ముందే ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేయండి. గుర్తింపు ఉన్న స్టార్టప్‌కు ఆన్‌లైన్ ఫీజు 1,600 రూపాయల నుంచి మొదలు. సదస్సు ప్రయాణ ఖర్చే అంతకన్నా ఎక్కువ. ఆ దరఖాస్తులో నిర్మాణం, తయారీ, కాస్తయినా పరీక్షల ఫలితాలు ఉండాలి. ఉత్త ఊహ రాసిన ఒక్క పేజీ దేన్నీ కాపాడదు. అదీ కుదరకపోతే కోడ్ నంబరుతో గ్రాఫులు చూపించండి, నిర్మాణం దాచండి.

పీసీటీ (పేటెంట్ సహకార ఒప్పందం) కింద అంతర్జాతీయ దరఖాస్తు వేస్తే ప్రపంచ పేటెంటు వస్తుందా? అలాంటిది లేనే లేదు. 30, 31 నెలలకు ఏ దేశానికి ఆ దేశం ఫీజు కట్టాల్సిందే. పేటెంటు వస్తే అమ్ముకోవచ్చా? అమ్మనిచ్చేది డ్రగ్ కంట్రోలర్. మందులకు ఇండియా పేటెంట్ ఇవ్వదంటారా? 2005 జనవరి 1 నుంచి ఇస్తోంది. 2013లో సుప్రీంకోర్టులో క్యాన్సర్ మందు గ్లివెక్ ఓడింది, తెలిసిన మందుకు కొత్త స్ఫటిక రూపం కావడం వల్ల.

తొందరపడి దరఖాస్తు వేస్తే నష్టమన్న మాటలో మాత్రం కొంత నిజముందని ఒప్పుకోక తప్పదు. పేటెంటు 20 ఏళ్ల గడువు దరఖాస్తు నాటి నుంచే కరుగుతుంది. మందు బజారుకు చేరేసరికి పదేళ్లు దాటడం మామూలే. అమెరికాలో ఐదేళ్ల దాకా పొడిగింపు దొరకవచ్చు, మన దగ్గర అదీ లేదు. అందుకని డేటా చిక్కబడేదాకా ఆగండి, అన్నాళ్లూ నోరు మెదపకండి. బయటి ల్యాబుకు శాంపిల్ పంపేముందు గోప్యతా ఒప్పందం మీద సంతకం తీసుకోండి. ఇక్కడుండి అమెరికాలో ముందు వేద్దామనుకుంటే 39వ సెక్షన్ కింద అనుమతి తెచ్చుకోండి, లేదా ఇక్కడ వేసి ఆరు వారాలు ఆగండి.