సరస్సు ఒడ్డున ఒక ఊరు



గ్వాటెమాలా అనే చిన్న దేశం ఉంది. అది మనకు చాలా దూరం. సముద్రాలు దాటి పోవాలి. అక్కడ కొండల నడుమ అతిత్లాన్ అనే పెద్ద సరస్సు ఉంది. దాని లోతు 300 మీటర్లకు పైనే. పక్కనే మూడు అగ్నిపర్వతాలు. అంటే నిప్పులు కక్కే కొండలు. ఆ సరస్సు ఒడ్డునే శాంతియాగో అతిత్లాన్ అనే ఊరు ఉంది.

ఈ ఊళ్ళో ఎక్కువమంది మాయా జాతి వారు. వారి భాష పేరు త్సుతుహిల్. సర్కారు భాష మాత్రం స్పానిష్.

మొక్కజొన్న రొట్టె

వారి ముఖ్యమైన తిండి మొక్కజొన్న. ఆడవాళ్ళు గింజల్ని సున్నపు నీళ్ళలో ఉడికిస్తారు. పొట్టు ఊడుతుంది. తరవాత ముద్దగా రుబ్బుతారు. అరచేతులతో తట్టి, పెనం మీద కాలుస్తారు. చిక్కుడు గింజల కూరతో తింటారు.

మగవాళ్ళు మొక్కజొన్న, కాఫీ పండిస్తారు. కొందరు చిన్న పడవల్లో చేపలు పడతారు. మధ్యాహ్నం దాటితే సరస్సు మీద పెద్ద గాలి లేస్తుంది. అందుకని పొద్దున్నే పని ముగించుకుంటారు.

నడుముకు కట్టే మగ్గం

ఇక్కడి ఆడవాళ్ళు మంచి నేతగత్తెలు. వారి మగ్గానికి గుంట అక్కరలేదు. కొన్ని కర్రలు, ఒక పట్టీ చాలు. ఒక కొస స్తంభానికి కడతారు. రెండో కొస తమ నడుముకు కట్టుకుంటారు. మోకాళ్ళ మీద కూర్చుని నేస్తారు. రవికెల మీద రంగు దారాలతో పిట్టల్ని కుడతారు.

పెద్ద వయసు ఆడవాళ్ళు కొందరు తలకు పొడవాటి ఎర్ర పట్టీ చుట్టుకుంటారు. మనకు ఒకప్పుడు పావలా ఉండేది కదా! ఆ దేశపు పావలా మీద ఈ తలపట్టీతో ఉన్న స్త్రీ బొమ్మ ఉంటుంది. ఆమె ఈ ఊరి ఆడపడుచే. పేరు కొన్సెప్సియోన్ రమీరెజ్.

ఊరంతా ఒక్కటై

బొమ్మకు గౌరవం దక్కింది. మరి మనుషులకు? ఆ దేశంలో 1960 నుంచి 1996 దాకా అంతర్యుద్ధం సాగింది. 1980లో సైన్యం ఈ ఊళ్ళో మకాం వేసింది. ఎందరినో చంపింది. కొందరు ఏమయ్యారో ఇంటివాళ్ళకు కూడా తెలియలేదు.

1990 డిసెంబరు 1 రాత్రి సైనికులు ఊరి మీద పడి అల్లరి చేశారు. గుడి గంటలు మోగాయి. జనం వేలల్లో కదిలారు. ఆడవాళ్ళూ పిల్లలూ వెళ్ళారు. చేతుల్లో తుపాకులు లేవు. తెల్లజెండాలు ఉన్నాయి. తెల్లవారకముందే సైనికులు కాల్పులు జరిపారు. 13 మంది చనిపోయారు. వారిలో పిల్లలూ ఉన్నారు.

ఊరు భయపడి ఇంట్లో కూర్చోలేదు. "సైన్యం మా ఊరు వదిలి పోవాలి" అని అర్జీ రాసింది. వేలమంది సంతకాలు పెట్టారు. సంతకం రానివారు వేలిముద్ర వేశారు. సర్కారు దిగివచ్చింది. ఆ నెలలోనే సైన్యం ఊరు వదిలింది. కాల్పులు జరిగిన చోట ఇప్పుడు శాంతి పార్కు ఉంది.

అక్కలారా! నిన్నటిదాకా మనమూ వేలిముద్రే వేశాం. ఈరోజు సంతకం పెడుతున్నాం. మన ఊరికి కావలసినదేమిటి? దాని కోసం అందరం కలిసి ఒక అర్జీ రాయలేమా?