పండు మగ్గితే పకోడీ!

మా ఓబులదేవరచెరువులో ఎండాకాలం వచ్చిందంటే, డజను కొన్న అరటిపండ్లు రెండోరోజుకే నల్లబడిపోతాయి. పిల్లలు ముట్టరు. డబ్బు పోసి కొన్నవి పారేయడానికి నాకేమో మనసొప్పదు.

ఒకసారి వాటితో పకోడీలు వేద్దామని శనగపిండిలో నీళ్లు పోసి కలిపాను. నూనెలో వేయగానే విడిపోయాయి. అది చూసి మా అత్తగారు, "పండులో ఉన్న తడి చాలదామ్మా?" అన్నారు. అసలు కిటుకు అదే!

బాగా మగ్గిన రెండు పండ్లు మెత్తగా చిదిమి, కప్పు శనగపిండి, రెండు పెద్ద చెంచాల బియ్యప్పిండి, సన్నగా తరిగిన అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు, జీలకర్ర, ఉప్పు కలపండి. చుక్క నీళ్లు పోయొద్దు. జారుగా అనిపిస్తే ఇంకాస్త శనగపిండి వేయండి. వంటసోడా వద్దు, నూనె పీల్చేస్తాయి. బియ్యప్పిండితోనే కరకరలాడతాయి.

శనక్కాయ నూనె కాగాక మంట తగ్గించి, చిన్నచిన్నవిగా వేయండి. మంట ఎక్కువైతే పండులోని తీపి వల్ల పైన మాడి, లోపల పచ్చిగానే ఉండిపోతాయి. ఎర్రగా వేగాక తీసి, వేడిమీదే తినాలి. ఆరితే మెత్తబడతాయి.

తియ్యగా, కారంగా ఉండే ఈ పకోడీల కోసం మా పిల్లలు ఇప్పుడు పండ్లు ఎప్పుడు నల్లబడతాయా అని ఎదురుచూస్తున్నారు!