అధిక వోల్టేజీ వడికిన పొర

దుమ్మును ఆపే పొరే ఒంటిమీద నాడినీ పట్టిస్తుందంటే, ఒకే సరుకుకు రెండు బేరాలు చెబుతున్నారేమోనన్న అనుమానం సహజం. నానోపోగుల విషయంలో ఆ అనుమానం సగమే సబబు. ఆ రెండు గుణాలూ తర్వాత అతికించినవి కావు, పుట్టుకతో వచ్చినవి. సూది మొనన నిలిచిన పాలిమర్ ద్రావణపు బొట్టుకు వేల వోల్టుల విద్యుత్తు పెడితే, బొట్టు శంకువులా సాగి సన్నని ధారను చిమ్ముతుంది. ధారలోని ఆవేశాలు ఒకదాన్నొకటి నెట్టుకోవడంతో అది కొరడాలా మెలికలు తిరుగుతూ ఇంకా సన్నబడుతుంది. ద్రావకం ఆవిరైపోయి, వెంట్రుకలో వందో వంతు మందం కూడా లేని పోగు ఎదుటి పలకమీద పరుచుకుంటుంది. అమెరికాలో 1902లోనే దీనికి పేటెంట్లు వచ్చినా, పెద్దయెత్తున పనిలో పెట్టింది సోవియట్ యూనియన్. అక్కడి శాస్త్రవేత్తలు పెత్ర్యానోవ్, రోజెన్‌బ్లూమ్ 1938లో తయారుచేసిన పోగులు ముందు గ్యాస్ మాస్కుల్లోకి, ఆపైన అణుకేంద్రాల్లోకి చేరాయి. 1986లో చెర్నోబిల్ కార్మికులు ముఖానికి కట్టుకున్న ‘లెపెస్తోక్’ మాస్కుల్లో ఉన్నది ఆ గుడ్డే. సూది మొనన ఏర్పడే శంకువు లెక్కను భౌతికశాస్త్రవేత్త జెఫ్రీ టేలర్ తేల్చింది మాత్రం 1964లో. ఇక్కడ పనితనం ముందు నడిచింది, సిద్ధాంతం తీరిగ్గా వెనక వచ్చింది.

ఇంత సన్నటి పోగులు దట్టంగా ఉంటే ఊపిరాడదు కదా అనవచ్చు. అయితే గాలి అణువు ఒకసారి ఢీకొన్నాక మళ్లీ ఢీకొనేలోపు సాగే సగటు దూరం సుమారు 65 నానోమీటర్లు. పోగు మందం ఆ కొలతకు దగ్గరయ్యే కొద్దీ గాలి దాన్ని అంటిపెట్టుకోకుండా జారిపోతుంది, ధూళి మాత్రం చిక్కుకుంటుంది. దుమ్మును లాగే ఆవేశం పోగులమీద ఉన్నా, ఊపిరి తేమకు అది కారిపోతుందన్న అభ్యంతరం నిజమే. అప్పుడు కూడా సన్నదనం చేసే వడపోత మిగులుతుంది. నాడిని పట్టే గుణం అసలు ఆ పైపై ఆవేశానిది కాదు. పి.వి.డి.ఎఫ్. అనే పాలిమర్‌ను నొక్కితే వోల్టేజీ పుడుతుందని జపాన్‌లో కవాయ్ 1969లో చూపాడు. మామూలు ఫిల్మ్‌లో ఆ గుణం రావాలంటే దాన్ని సాగదీయాలి, బలమైన విద్యుత్ క్షేత్రంలో ఉంచాలి. సూది దగ్గర ఈ రెండూ ఒకేసారి జరిగిపోతాయి. అలా వరసగా నిలిచిన అణువుల ద్విధ్రువాలు స్ఫటికంలోనే ఉండిపోతాయి.

నాకు నిజంగా బరువైనదిగా తోచే అభ్యంతరం వేరే ఉంది. వడపోత పొర నిండేదీ, పారేసేదీ. సెన్సర్ చూపే కొలత మాత్రం నిలకడగా ఉండాలి. పట్టిన దుమ్మూ చెమ్మా ఆ కొలతను మార్చేస్తాయి. అందుకే ఒకే ముక్క ఒకేసారి రెండు పనులూ చేస్తుందన్న మాటకంటే, ఒకే సూది నుంచి రెండు వేర్వేరు పొరలు వస్తాయన్న మాట నమ్మదగ్గది. టోక్యో విశ్వవిద్యాలయంలో సొమేయా బృందం 2017లో చేసింది అలా ఒంటిమీది కొలతకే విడిగా పనికొచ్చే పొరను. నీళ్లలో కరిగే పోగులకు బంగారు పూత వేసి, చర్మంమీద పరిచి, నీళ్లు చల్లారు. పోగులు కరిగి బంగారు వల అంటుకుంది. వల కళ్లలోంచి చెమట ఆవిరవుతుంది కనుక, వారం రోజులు పెట్టుకున్న 20 మందికీ చర్మం వాచలేదు.